మూగవోయిన గొంతులకు మాట నేర్పిన మహనీయులు - ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు

ఒక పల్లెలో గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిలుచుట సామాన్యమైన విషయము కాదు. వానకు తడియక, చెదలకు చిక్కక, ఊరి కక్షలకు లోనుగాక పుస్తకములు నిలిచినవనిన, వానిని కాపాడిన చేతులు అనేకములున్నవని అర్థము. అయితే పుస్తకములు నిలిచినంత మాత్రమున గ్రంథాలయ ధర్మము నెరవేరినట్లు కాదు. చదివిన పడుచువాడు నలుగురిలో లేచి తన మనసులోని మాటను తడబడక చెప్పగలిగిననాడు, చదివిన ఆడబిడ్డ తనకు జరుగు అన్యాయమును తల్లిదండ్రుల యెదుట నోరు విప్పి చెప్పుకొనగలిగిననాడు ఆ చదువు సార్థకమగును. ఈ సత్యమును తమ జీవితమంతయు ఆచరించి చూపిన మహనీయులు ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు.

పంతులుగారిని మాలపల్లి నవలాకర్తగా తెలుగువారందరును ఎరుగుదురు. పల్నాటివారికి వారు అంతకంటె దగ్గరివారు. మన పుల్లరి కష్టములు విచారింప మాచర్ల సీమకు వచ్చి, ఆ నేరమునకే చెరసాల పాలైన ఆత్మబంధువులు వారు. కావున మన గ్రంథాలయ రజతోత్సవ సంచికలో వారి చరిత్రను స్మరించుకొనుట మన విధి.

జననము - విద్య

పంతులుగారు 1877వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీన నాటి సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడు గ్రామమున జన్మించిరి. తల్లి శేషమ్మగారు, తండ్రి శ్రీరాములుగారు. స్వగ్రామమున ఓనమాలు దిద్ది, పిమ్మట పట్టణములలో చదివి, కొంతకాలము ఉపాధ్యాయ వృత్తియందుండి, తరువాత గుంటూరున న్యాయవాది అయిరి. ఉపాధ్యాయత్వము, న్యాయవాదము అను ఈ రెండు వృత్తులును వారి జీవితమునకు రెండు కన్నుల వంటివైనవి. ఉపాధ్యాయుడు చెప్పుకొనలేనివానికి చెప్పుట నేర్పును. న్యాయవాది చెప్పుకొనలేనివాని పక్షమున తాను చెప్పును. పంతులుగారు ఈ రెండవ పనికంటె మొదటిదానినే మిన్నగ నెంచిరని వారి తరువాతి జీవితము చాటుచున్నది.

ఆ దినములలో మన పల్లెలలో పిన్నలకు మాట యనునది లేదు. పెద్దలు మాటాడునపుడు పిల్లలు చేతులు కట్టుకొని నిలువవలెను. బడిలో పంతులు చెప్పినది వల్లించవలెనే గాని యేల అని యడుగరాదు. ఆడపిల్ల సంగతి చెప్పనక్కరయే లేదు. మాలమాదిగ వాడలలోని బాలుడు బడి గడపయే యెక్కరాదు. ఇట్టి సంఘమున మాటకు పుట్టుకతోనే హక్కు కలవారు కొందరు, పుట్టుకతోనే హక్కు లేనివారు పెక్కుమంది. ఈ అన్యాయమే పంతులుగారి హృదయమును కలచినది.

వితంతువులకు ఆశ్రయము

వీరేశలింగం పంతులుగారు 1881వ సంవత్సరము డిసెంబరులో రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించిరి. వితంతు వివాహమునకు 1856లోనే చట్టము అనుమతించినను, చట్టము కాగితముపై నుండెను. ఆచారము ఇంటింట నుండెను. వీరేశలింగముగారి ఉద్యమమును గుంటూరు సీమలో అందిపుచ్చుకొన్నవారు ఉన్నవ దంపతులు. 20వ శతాబ్ది తొలి సంవత్సరములలోనే వారు గుంటూరున వితంతువులకు శరణాలయము నెలకొల్పి, అనేక నిందలకోర్చి పునర్వివాహములు జరిపించిరి.

ఈ పని యెంత కష్టమైనదో నేటివారికి ఊహకందదు. అయిదారేండ్లకు పెండ్లి చేసి, ఆ పిల్లకు మగని ముఖమైనను గుర్తుండకముందే పసుపుకుంకుమలు పోయెనని వంటయింటి మూలకు నెట్టెడివారు. ఆమెకు ఆకలి యున్నదా, ఆశ యున్నదా, చదువుకొనవలెనని యున్నదా అని అడిగెడివారు లేరు. పెక్కేండ్లు ఎవరును అడుగనందున తనకొక కోరిక యుండుననియే ఆమె మరచిపోవును. ఇట్టి బిడ్డను చేరదీసి, అన్నము పెట్టి, అక్షరము నేర్పి, తరువాత ఆమెకు ఇష్టమగునా కాదా అని ఆమెనే యడుగుట నాటి సంఘమున ఒక విప్లవము. పునర్వివాహము కంటె ఆ ప్రశ్నయే గొప్పది.

ఈ కార్యమున పంతులుగారి ధర్మపత్ని లక్ష్మీబాయమ్మగారు సహధర్మచారిణి అను మాటకు నిండైన అర్థము కల్పించిరి. శరణాలయములోని బిడ్డలకు తల్లియై వారిని సాకిరి. గడప దాటని స్త్రీలున్న కాలమున సభలలో నిలిచి ప్రసంగించిరి. 1930వ సంవత్సరపు ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని కారాగారమునకేగిరి. మాటలాడు స్త్రీని కన్నులార చూచినపుడు గాని మాటలాడవచ్చునను ధైర్యము బాలికలకు కలుగదు. ఆ ధైర్యమును లక్ష్మీబాయమ్మగారు తమ నడవడితో నేర్పిరి.

గుంటూరు యువజనులు - ఆంధ్రోద్యమము

1911వ సంవత్సరమున ఢిల్లీ దర్బారులో వంగ విభజన రద్దు కావింపబడి, రాష్ట్రముల హద్దులు మార్పబడినవి. ఈ వార్తను పత్రికలలో చదివి, గుంటూరున కూడుకొనిన కొందరు యువకులు ఆంధ్రులకు మాత్రము ప్రత్యేక రాష్ట్రమేల కూడదని తర్కించుకొనిరి. వారిలో జొన్నవిత్తుల గురునాథముగారు, చట్టి నరసింహారావుగారు, మన పంతులుగారు ముఖ్యులు. తెలుగువారు వసించు ప్రాంతములను చూపుచు ఆంధ్రదేశ పటము తయారైనది. ఆ చర్చయే పెరిగి 1913లో బాపట్లలో తొలి ఆంధ్ర మహాసభగ పరిణమించినది.

పఠనమందిరములలో పదిమంది కూర్చుండి పత్రిక చదివి వాదించుకొనుటవలన ఏమి ప్రయోజనమని హేళన చేయువారు ఏ కాలమునందైనను కలరు. ఒక జాతి తన రాష్ట్రమును తాను కోరుకొను మాట అట్టి కూటముననే పుట్టినదని వారు గ్రహింతురు గాక. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్యగారి కృషివలన ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘము వెలసినప్పుడు పల్లెపల్లెకు వ్యాపించిన భావమును ఇదియే. చదువు ఒంటరిగ సాగును. ఆలోచన నలుగురిలో పండును.

డబ్లిను నగరమున

తరువాత పంతులుగారు ఐర్లండు దేశమునకేగి డబ్లిను నగరమున బారిష్టరు విద్య నభ్యసించిరి. అది ఆ దేశము స్వాతంత్ర్యము కొరకు ఉడికిపోవుచున్న కాలము. 1916 ఏప్రిల్‌లో ఆ నగర వీధులలోనే ఈస్టరు తిరుగుబాటు చెలరేగినది. అంతకు ఇరువదియేండ్లకు ముందే, 1893లో, ఆ దేశస్థులు గేలిక్ లీగ్ అను సంఘమును స్థాపించి, మరుగున పడుచున్న తమ భాషను సాయంకాలపు తరగతులలో, పాటలతో, ఆటలతో యువజనులకు నేర్పసాగిరి. 1904లో డబ్లినున ఆబీ నాటకశాల తెరువబడి, ఆ దేశపు రైతుబిడ్డల బ్రతుకు రంగస్థలమెక్కినది. పరపాలనలో ఉన్న జాతి ముందుగ తన మాటను, తన పాటను తిరిగి తెచ్చుకొనవలెనని ఆ చిన్నదేశము లోకమునకు చాటినది.

స్వదేశమునకు మరలి వచ్చి మద్రాసు హైకోర్టులో న్యాయవాదిగ పనిచేయుచుండగ గాంధీమహాత్ముని సహాయ నిరాకరణోద్యమము వచ్చినది. ధనము, గౌరవము నార్జింపగల వృత్తిని విడిచిపెట్టి పంతులుగారు ఉద్యమమున దుమికిరి.

పల్నాటి పుల్లరి

అచ్చటనుండి వారి కథ మన కథయైనది. పల్నాడు పశువులపై, అడవిపై ఆధారపడిన సీమ. ఎండలకు ఊరి బీళ్లు మాడిపోయినపుడు గొడ్డును అడవికి తోలక తప్పదు. ఆ అడవి ప్రభుత్వపు రక్షితారణ్యమైనది. గొడ్డు మేసిన పుల్లరి కట్టవలెను. కట్టనిచో పశువులు బందెలదొడ్డికి పోవును. వెదురుగాని, కట్టెగాని, మేతగాని తాతలనాటినుండి తెచ్చుకొనిన రైతు ఒక్కమారుగ దొంగయైనాడు. పన్ను భారమొక యెత్తు. అటవీ ఉద్యోగుల దౌర్జన్యమొక యెత్తు. ఈ బాధను ఎవరితో చెప్పుకొనవలెను? అర్జీ వ్రాయుటకు చదువు లేదు. కచేరీలో నోరు విప్పుటకు ధైర్యము లేదు.

1921లో పల్నాటి ప్రజలు పుల్లరి కట్టమని నిలిచిరి. ఉద్యోగులకు సహాయము నిరాకరించిరి. రైతుల కష్టములను విచారించి తెలిసికొనుటకై గుంటూరు కాంగ్రెసువారు లక్ష్మీనారాయణ పంతులుగారిని, వేదాంతం నరసింహాచార్యులుగారిని పంపిరి. వారిరువురును వచ్చి ఊరూర రైతుల మొర వినిరి. శాంతిభద్రతలకు భంగమను నెపమున ప్రభుత్వము వారిని నిర్బంధించి, మంచి నడవడికి జామీను ఇమ్మని కోరినది. తప్పు చేయనివాడు జామీను ఇచ్చుట తప్పు నొప్పుకొనుటయే యని వారు నిరాకరించిరి. ఏడాది కారాగార శిక్ష విధింపబడినది.

నాయకులు చెరసాలకు పోయినను పల్నాడు మూగవోలేదు. 1922 ఫిబ్రవరిలో మించాలపాటి వీరుడు కన్నెగంటి హనుమంతు తుపాకి గుండ్లకు బలియై అమరుడయ్యెను. మాటకు వెల యెంతయో పల్నాటివారికి ఒకరు నేర్పనక్కరలేదు.

మాలపల్లి

కారాగారమున పంతులుగారు ఊరక కూర్చుండలేదు. రాయవేలూరు చెరలో మాలపల్లి నవలను రచించిరి. అది 1922లో అచ్చుపడనారంభించినది. దానికి సంగవిజయమని మరియొక పేరు కలదు.

తెలుగు నవలయందు అంతవరకు రాజులు, జమీందారులు, పట్టణపు చదువరులు నాయకులై యుండిరి. పంతులుగారు మంగళాపురములోని ఒక మాల కుటుంబమును కథకు కేంద్రము కావించిరి. రామదాసు భక్తుడు, శాంతమూర్తి. అతని కుమారుడు సంగదాసు చదువు నేర్చి, తోటి కూలీలకు న్యాయమైన కూలి దక్కవలెనని పాటుపడి, భూస్వామియైన చౌదరయ్య ఆగ్రహమునకు గురియై ప్రాణము కోల్పోవును. చౌదరయ్య కుమారుడైన రామానాయుడే సంగదాసునకు ప్రాణమిత్రుడు. మరియొక కుమారుడు వెంకటదాసు శాంతిమార్గమున విసిగి, కలవారిని దోచి లేనివారికి పెట్టు తక్కెళ్ల జగ్గడై అడవిపట్టును.

ఈ కథలో గమనింపదగిన అంశమొకటి కలదు. తండ్రులు మాటాడలేనిచోట కుమారులు మాటాడిరి; ఒకడు మాటతో, మరియొకడు కత్తితో. మాటాడినవానిని చంపినపుడే కత్తికి దారి ఏర్పడునని పంతులుగారు ఉపన్యాసము చేయక కథ ద్వారా చూపిరి. పడుచువారి మాటను పెద్దలు విననిచో కలుగు కీడు ఎంతటిదో దీనివలన తెలియును. సంగదాసు మరణముతో అతని పని ముగియలేదు. అతని పేర సంగపీఠము వెలసి, సేవ, చదువు అతని వాడకే తిరిగి వచ్చును.

ఈ నవలలోని పాత్రలు మన గుంటూరు పల్లెలలో మాటాడుకొను తెలుగునే మాటాడును. కూలివాని మాట కూలివానిదిగనే యుండును. గ్రంథములలో చోటు లేని భాషకు పంతులుగారు చోటిచ్చుట కేవలము భాషావాదము కాదు. నా మాట పుస్తకములో ఉన్నదని తెలిసిన చదువరికి తన మాటపై గౌరవము కలుగును. తన మాటపై గౌరవము లేనివాడు నలుగురిలో ఎట్లు మాటాడగలడు?

ప్రభుత్వము ఈ పుస్తకమునకు భయపడినది. 1923లో దానిని నిషేధించినది. 1928లో నిషేధము సడలినను, 1936లో మరల చిక్కులు వచ్చినవి. 1937లో రాజాజీగారి నాయకత్వమున కాంగ్రెసు మంత్రివర్గమేర్పడిన పిమ్మట గాని దానికి పూర్తి స్వేచ్ఛ లభింపలేదు. నేడు ఏ గ్రంథాలయములోనైనను చేయి చాపి అందుకొనగల ఆ గ్రంథము ఒకనాడు దాచుకొని చదువవలసిన గ్రంథమని యువకులు మరువరాదు.

శారదానికేతనము

చెరనుండి వెలుపలికి వచ్చిన సంవత్సరముననే, 1922లో, గుంటూరున ఉన్నవ దంపతులు శారదానికేతనమును స్థాపించిరి. బాలికలకు, వితంతువులకు, సంసారమున ఆదరణ కోల్పోయిన స్త్రీలకు అది పుట్టినిల్లయినది. భాషాసాహిత్యములు, వాటితోపాటు నూలు వడకుట మొదలగు చేతిపనులును అచ్చట నేర్పబడినవి.

సామాన్యముగ బడి యనిన ఇంత వయస్సునకు ఇన్నవ తరగతి, తప్పినచో ఇంటికి అను నియమముండును. పదునెనిమిదేండ్లకు వితంతువై వచ్చిన స్త్రీని ఏ తరగతిలో కూర్చుండబెట్టవలెను? అట్టివారికి సర్కారుబడి తలుపు మూసియే యుండును. వచ్చినవారు ఎచ్చటనున్న అచ్చటనుండి చదువు మొదలిడవలెనను భావముతో శారదానికేతనము వెలసినది. చేతిలో పని యున్న స్త్రీ ఒకరి దయకై చేయి చాపనక్కరలేదు; చేయి చాపనక్కరలేని స్త్రీ తల వంచి మాటాడనక్కరలేదు. చదువునకు పనిని జోడించుటలోని మర్మమిదియే. అచ్చట చదివిన స్త్రీలు పండితలై, ఉపాధ్యాయినులై, తాము పొందిన విద్యను ఇతరులకు పంచిరి.

బుడబుక్కలవాడు - సోదెమ్మ

అక్షరము రానివారిని పంతులుగారు మరువలేదు. పుస్తకము చదువలేనివానికి విద్య చెప్పుటెట్లు? మన పల్లెలలో తెల్లవారుజామున డమరుకము మ్రోగించుచు వచ్చి జోస్యము చెప్పు బుడబుక్కలవాడు అందరికి పరిచితుడు. గద్దె పెట్టి సోది చెప్పు ఎరుకలసాని ఇల్లాండ్రకు ఆప్తురాలు. ఈ రెండు రూపములను గైకొని పంతులుగారు బుడబుక్కల జోస్యము, స్వరాజ్య సోది అను రచనలు చేసిరి.

ఇందలి నేర్పును గమనింపుడు. జోస్యము చెప్పువాడు ఎంతటివాని గుమ్మమున నిలిచియైనను రానున్న చెడును చెప్పవచ్చును; అతనిపై ఎవరును కోపగించుకొనరు. సోదెమ్మ అత్తవారింటి లోగుట్టు నైనను బయటపెట్టవచ్చును. స్వతంత్రముగ మాటాడ భయపడు పల్లె యువకుడు బుడబుక్కల వేషము కట్టిననాడు ఆ భయము వేషము చాటున కరగిపోవును. నేడు వేషమున చెప్పిన మాటను రేపు వేషము లేకయే చెప్పును. వినువారికిని అది పాఠముగ తోపదు, వినోదముగ తోచును. ఇట్టి కళారూపములకు అచ్చుయంత్రము వలదు, బడి వలదు, దొరల అనుమతి వలదు, రచ్చబండ చాలును.

పల్నాటి వీరగాథనుండియు పంతులుగారు నాయకురాలు అను నాటకమును వ్రాసిరి. గురజాల నలగామరాజు కొలువున ఒక స్త్రీ మంత్రాంగము నడపిన కథ మనది. మాల కన్నమదాసు సేనకు నాయకుడై నిలిచిన కథ మనది. చాపకూటి పంక్తిలో కులభేదము లేక కుడిచిన కథ మనది. పిచ్చుకగుంట్లవారు తరతరములుగ పాడి కాపాడిన ఆ గాథలో స్త్రీకిని, మాలకును, పసివాడైన బాలచంద్రునకును మాట కలదు. పంతులుగారు జీవితమంతయు కోరిన సంఘమునకు బీజములు కారెంపూడి రణభూమిలోనే కలవు. మనము వాటిని తిరునాళ్లలో విని మరచితిమి. వారు జ్ఞాపకము చేసిరి.

నిర్యాణము - మన కర్తవ్యము

స్వాతంత్ర్యము సిద్ధించుట, 1953లో ఆంధ్రరాష్ట్రమవతరించుట, 1956లో ఆంధ్రప్రదేశమేర్పడుట పంతులుగారు కన్నులార చూచిరి. తాము యౌవనమున చర్చించుకొనిన మాట రాష్ట్రమై రూపొందుట చూచు భాగ్యము కొలదిమందికే లభించును. 1958 సెప్టెంబరు 25వ తేదీన వారు పరమపదించిరి.

పంతులుగారు పోరాడిన దుర్దశ అంతయు తొలగిపోలేదు. నేడు బడులు పెక్కు కలవు. పరీక్షలు పెక్కు కలవు. అయినను పల్లెసభలో పడుచువాడు లేచినచో కూర్చుండుమను పెద్దలు ఇంకను కలరు. చదువు మాన్పించి పెండ్లి చేయుచున్నపుడు ఆడబిడ్డ అభిప్రాయమడుగని ఇండ్లు ఇంకను కలవు. నూటికి తొంబది మార్కులు తెచ్చుకొనిన విద్యార్థి పదిమంది యెదుట పది వాక్యములు చెప్పలేక తల వంచుకొనుట మనమెరుగనిది కాదు. వల్లించుట వేరు, మాటాడుట వేరు.

గ్రంథాలయము బడి కాదు. ఇచ్చట హాజరుపట్టీ లేదు, పరీక్ష లేదు, బెత్తము లేదు. కావుననే బడి చేయలేని పని ఇది చేయగలదు. వారమునకొక సాయంకాలము ఒక బాలుడు గాని, బాలిక గాని తాను చదివిన కథను తన మాటలలో చెప్పవలెను, తక్కినవారు ప్రశ్నింపవలెను, పెద్దలు వినవలెను. చెప్పుటకంటె వినుటయే పెద్దలకు కష్టమైన విద్య. సంవత్సరమునకొకమారు మన యువజనులే బుడబుక్కల వేషమో, బుర్రకథయో కట్టి, ఊరి నీటిసంగతి, బడిసంగతి, ఆడపిల్లల చదువుసంగతి రచ్చబండ యెదుట చెప్పవలెను. అట్టివారి మాట మనకు రుచింపకపోవచ్చును. రుచింపని మాటను వినగల ఊరే ముందునకు పోవును.

మన గ్రంథాలయమున మాలపల్లి ప్రతి కలదు. చేతులు మారిమారి అది చిరిగిపోయిననాడు క్రొత్త ప్రతి కొందము. చిరుగక అలమారలోనే యుండిపోయినచో, ఆ మహనీయునకు మనము చేయు ద్రోహమంతకంటె వేరొండు లేదు. పంతులుగారి స్మృతికి సమస్కరించుచు, మన పల్నాటి బిడ్డలు నిర్భయముగ, మర్యాదగ, సత్యముగ మాటాడగలవారగుదురు గాక యని కోరుచున్నాము.